ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటేనే టీచరు ఉద్యోగమా?

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖపట్నంలోని గోపాలపట్నంలో ఉంటాను. బీఎస్సీ, బీఈడీ చేసి, టీచరు అర్హత పరీక్ష టెట్ పాసయ్యాను. 2025 జూన్‌లో నగరంలోని ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. అదే నా తొలి ఉద్యోగం.

దానికోసం ఆ ఎండల్లో మద్దిలపాలెం నుంచి మధురవాడ దాకా నాలుగు స్కూళ్లు తిరిగాను. సెలవులు కదా, పిల్లలు ఉండరు. ఖాళీ బెంచీల ముందు నిలబడి డెమో క్లాసు చెప్పాలి. చివరి బెంచీలో కరస్పాండెంట్, ప్రిన్సిపాల్ కూర్చుంటారు. సగానికి మూడోవంతును నేరుగా ఎందుకు కలపకూడదో బోర్డు మీద దోసె బొమ్మ గీసి చెప్పాను. ‘బాగా చెప్పావమ్మా’ అన్నారు. ఆ వెంటనే అడిగారు: ‘డీఎస్సీ రాస్తున్నావా?’ డీఎస్సీ అంటే ప్రభుత్వ టీచరు ఉద్యోగాల పరీక్ష. అందులో ఉద్యోగం వస్తే మధ్యలో వెళ్లిపోతామని వాళ్ల భయం.

రాస్తున్నానన్నాను. ఫోన్ చేస్తామన్నారు. చేయలేదు. తర్వాత రెండుచోట్లా అదే ప్రశ్న, అదే జవాబు. లేదని అబద్ధం చెప్పమని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగాన్ని అబద్ధంతో మొదలుపెట్టడానికి నాకు మనసొప్పలేదు.

నాలుగో స్కూలుకి లెక్కల టీచరు అవసరం గట్టిగా ఉంది. తీసుకుంటాం గానీ ఒరిజినల్స్ అన్నీ ఆఫీసులో ఇవ్వాలన్నారు. పదో తరగతి నుంచి బీఈడీ దాకా ఉన్నవన్నీ గోధుమరంగు కవర్లో పెట్టి, పైన స్కెచ్ పెన్నుతో నా పేరు రాసి, బీరువాలో పెట్టి తాళం వేశారు. రసీదు అడిగితే ‘మా మీద నమ్మకం లేదా అమ్మా?’ అన్నారు. నియామక పత్రం కూడా ఇవ్వలేదు. ఇంటికెళ్లాక నాన్న అడిగిన మొదటి మాట, ‘రసీదు ఇచ్చారా?’

ఆ తాళం సంగతి ఆగస్టులో అర్థమైంది. మా స్టాఫ్ రూమ్‌లో నా పక్కన కూర్చునే సోషల్ టీచరు డీఎస్సీలో మెరిట్‌లోకి వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకు కాల్ లెటర్ వచ్చేసరికి చేతిలో ఉన్నది రెండు రోజులు. ఏడాది మధ్యలో వెళ్తే రెండు నెలల జీతం కట్టాలి, లేకపోతే కవరు ఇచ్చేది లేదని ఆఫీసులో చెప్పారు. ఆమె జీతం నెలకు 12 వేలు. వాళ్లమ్మ గొలుసు తాకట్టు పెట్టి 24 వేలు తెచ్చి కట్టారు. పరిశీలనకు ముందురోజు సాయంత్రం కవరు చేతికొస్తే, స్కూలు మెట్ల మీదే కూర్చుని ఒక్కో కాగితం తీసి లెక్కపెట్టుకుంది. ఇంటర్ మార్కుల జాబితా కవర్ అడుగున ఇరుక్కుపోయి ఒక్క నిమిషం కనబడలేదు. అప్పుడు ఆమె ముఖం నేను మరిచిపోలేను. నలభైమంది పిల్లల్ని కుదురుగా కూర్చోబెట్టగల మనిషి, ఆ మెట్ల మీద వణికిపోయింది.

2018 డీఎస్సీలో 7,902 పోస్టులు. ఆ తర్వాత 6,100 పోస్టులతో 2024లో ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. మళ్లీ 16,347 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంటే దాదాపు ఆరున్నరేళ్లు. ఈ మధ్యలో బీఈడీ, డీఎడ్ పూర్తిచేసిన మాలాంటివాళ్లు చాలామంది ప్రైవేటు స్కూళ్లలోనే పాఠాలు చెప్పుకుంటూ బతికాం. అన్నేళ్లు ఎదురుచూసిన పరీక్ష రాయొద్దంటే ఎలా?

యాజమాన్యాల ఇబ్బంది నాకు తెలుసు. పదో తరగతి పిల్లలకు సగం సిలబస్‌లో టీచరు వెళ్లిపోతే నష్టపోయేది పిల్లలే. ఆ బాధ నాకూ ఉంటుంది. దానికి నెల రోజుల ముందు చెప్పాలని నియామక పత్రంలో రాసుకోవచ్చు, ఇద్దరం సంతకాలు పెట్టొచ్చు. టీచర్లు నిలబడాలంటే జీతం సంగతీ చూడాలి. ఫీజుల ఆదాయంలో సగం సిబ్బంది జీతాలకు ఖర్చుపెట్టాలని 1994 నాటి జీవో 1 చెబుతోంది. మాకు మే నెల జీతమే ఉండదు, పైగా ఆ ఎండల్లోనే అడ్మిషన్ల కోసం కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి.

విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లోనే చెప్పింది. స్కూళ్లలో పనిచేసే టీచర్లకు ఆ రక్షణ ఎందుకు ఉండకూడదు? ఒరిజినల్స్ చూసి, జిరాక్సులు తీసుకుని, అదే రోజు తిరిగి ఇచ్చేయాలని జిల్లా విద్యాశాఖ అధికారులు ప్రతి ప్రైవేటు స్కూలుకూ లిఖితపూర్వకంగా ఆదేశాలు ఇవ్వాలి. మా పేర్లు, చదువుల వివరాలు ఏటా స్కూళ్ల సమాచారం ఉండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో నమోదు చేస్తూనే ఉన్నారు. కాబట్టి ఏ స్కూల్లో ఎవరు పనిచేస్తున్నారో శాఖకు తెలుసు. తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతోపాటు ఆఫీసు బీరువా కూడా తెరిపించి చూడండి. టీచర్లను విడిగా పిలిచి, నియామక పత్రం ఉందా అని అడగండి.

నా కవరు ఇంకా ఆ బీరువాలోనే ఉంది. అందుకే పేరు రాయడం లేదు, మన్నించండి. జూన్‌లో కొత్త టీచర్లు చేరతారు. వాళ్ల కవర్లు కూడా అందులోకి వెళ్లకముందే ఆ ఆదేశాలు రావాలి.

— ఒక లెక్కల టీచరు,
గోపాలపట్నం, విశాఖపట్నం