ఒకే బల్బుకు రెండు నిరోధాలు

మాధవా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ఏమీ అనుకోకు. ఇంట్లో అందరం కులాసా, అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయి, నా ఉద్యోగం ఎప్పటిలాగే సాగుతోంది. ఆ కబుర్లన్నీ మరోసారి తీరిగ్గా రాస్తాను. నువ్వు ఉత్తరం చివర రెండు ముక్కల్లో అడిగి వదిలేసిన ప్రశ్న నన్ను వదలడం లేదు. కరెంటుకు ఎదురయ్యే అడ్డును, అంటే నిరోధాన్ని, నేరుగా చూపించే మీటరు చేతిలో ఉండగా వోల్టేజిని వేరుగా, కరెంటును వేరుగా కొలిచి, ఒకదానితో మరొకదాన్ని భాగించే శ్రమ దేనికని కదా అడిగావు? దానికి జవాబు ఒక బల్బులో దొరికింది. ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరి ఆడేలా లేదు.

వాహనాలకు వాడే 12 వోల్టుల, 21 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి తీసుకున్నాను. మన మూడో బెంచీ ఒప్పందం ప్రకారం, మీటరు ముట్టుకోకముందే లెక్క కాగితం మీద రాసుకున్నాను. సామర్థ్యమంటే వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చేది కాబట్టి, 21ని 12తో భాగిస్తే కరెంటు 1.75 ఆంపియర్లు, ఆ 12 వోల్టులను 1.75తో భాగిస్తే నిరోధం 6.9 ఓములకు కాస్త తక్కువ. తర్వాత నువ్వు ‘పెద్దాయన’ అని పేరు పెట్టిన ఆ పాత మల్టీమీటరును (వోల్టేజి, కరెంటు, నిరోధం మూడూ కొలిచేది) చల్లని బల్బుకు తగిలిస్తే, ఆయన చూపించింది ముప్పావు ఓము. అందులోనూ 0.2 ఓములు ఆయన తీగలవే, ఎందుకంటే రెండు మొనలనూ ఒకదానికొకటి ఆనించినా అంత చూపిస్తాడు. ఇంత చిన్న నిరోధం దగ్గర ఆ మాట పూర్తిగా నమ్మలేక, బల్బు గుండా 0.1 ఆంపియరు మాత్రమే పంపి, సరిగ్గా బల్బు కొసల దగ్గర వోల్టేజి చూశాను. 55 మిల్లీవోల్టులు వచ్చింది. అంటే నిరోధం 0.55 ఓములు.

ఇప్పుడు ఆ 0.55ను పట్టుకుని సామర్థ్యం లెక్కవేసి చూడు. 12 వోల్టుల వర్గాన్ని దానితో భాగిస్తే 260 వాట్లు దాటుతుంది! బల్బు మీద అచ్చువేసింది 21. అయినా మీటరు చెప్పిందీ నిజమే, బల్బు మీద ఉన్నదీ నిజమే. ఆ సంగతి అర్థమైనప్పుడు నాకు కలిగిన సంతోషం ఎంతటిదో నీకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత బల్బును వెలిగించి కొలిచాను. కరెంటు కొలిచే అమ్మీటరును శ్రేణిలో, అంటే బల్బుకు వెళ్లే కరెంటు అంతా దాని గుండానే పోయేలా ఉంచి, వోల్టుమీటరును మాత్రం సరఫరా దగ్గర కాకుండా బల్బు కొసలకే తగిలించాను, ఎందుకంటే సరఫరా దగ్గర 12.2 వోల్టులు ఉంటే బల్బుకు అందేది 12.0 మాత్రమే, మిగిలిన 0.2 వోల్టులు తీగలను వెచ్చబరచడానికే ఖర్చయిపోతాయి. అమ్మీటరు 1.74 ఆంపియర్లు చూపింది. నిరోధం 6.9 ఓములు, సామర్థ్యం 20.9 వాట్లు. వోల్టేజిని 6కు తగ్గిస్తే కరెంటు సగం కావాలి కదా? కాలేదు, 1.2 ఆంపియర్ల దగ్గర ఆగింది. అంటే నిరోధం 5 ఓములకు దిగిందన్నమాట. సామర్థ్యం కూడా నాలుగో వంతుకు, అంటే 5.2 వాట్లకు పడిపోకుండా 7.2 వాట్లుగా నిలిచింది. 1 వోల్టు దగ్గర కరెంటు 0.46 ఆంపియర్లు, నిరోధం 2.2 ఓములు. ఆ స్థితిలో ఫిలమెంటు ఎర్రబడిన జాడ కూడా నా కంటికి కనిపించలేదు, అయినా చల్లగా ఉన్నప్పటి విలువకు నాలుగింతల నిరోధం చూపిస్తోంది!

కారణం ఫిలమెంటు లోహమైన టంగ్‌స్టన్ వేడి. లోహం వేడెక్కుతున్నకొద్దీ దాని పరమాణువుల కంపనం పెరిగి, ఎలక్ట్రాన్ల దారికి అడ్డు ఎక్కువవుతుంది. చల్లని బల్బుకూ వెలిగే బల్బుకూ మధ్య నిరోధం పన్నెండింతలకు పైగా పెరిగిందంటే, ఫిలమెంటు ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండాలి. మామూలు థర్మామీటరు చేరలేని చోటి వేడిని ఒక్క భాగహారం చెప్పేసింది చూడు! సరిపోల్చుకోవడానికి 10 ఓముల నిక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన మిశ్రమ లోహం) తీగచుట్టను కూడా పెట్టి చూశాను. వేడితో దాని నిరోధం పెద్దగా మారదు కనుక 12 వోల్టుల దగ్గర 1.2 ఆంపియర్లు, 6 దగ్గర 0.6, సామర్థ్యం 14.4 నుంచి 3.6 వాట్లకు, సరిగ్గా నాలుగో వంతుకు దిగింది.

స్విచ్ వేసిన తొలి క్షణంలో బల్బు ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి, సరఫరా ఇవ్వగలిగితే దాదాపు 22 ఆంపియర్లు ఒక్కసారిగా దూసుకుపోతాయి. పాతబడి ఒకచోట సన్నబడిన ఫిలమెంటు సాధారణంగా స్విచ్ వేసినప్పుడే తెగడానికి ఇదే కారణం. నిరోధం కొలతకు తన పేరిచ్చిన జర్మన్ శాస్త్రవేత్త ఓమ్‌ను తలచుకుంటే మరీ ఆశ్చర్యంగా ఉంది. వోల్టేజి ఎంత మారితే కరెంటూ అంతే మారుతుందన్న తన సూత్రం కోసం 1826లో చేసిన ప్రయోగంలో ఆయన, అతుకుల మధ్య వేడి తేడాతో కరెంటు పుట్టించే బిస్మత్, రాగి జంటను, ఒక అతుకు మరిగే నీటి వేడిలోనూ రెండోది మంచులోనూ ఉంచి, కరెంటుకు వాడాడు. దాని వోల్టేజి నిలకడగా ఉండేది, పైగా అతి స్వల్పం, కనుక తీగలు వేడెక్కే బెడద లేదు. ఆయన ఆ రోజు బల్బు ఫిలమెంటుతో మొదలుపెట్టి ఉంటే...

కాబట్టి నీ ప్రశ్నకు నా జవాబు ఇది: మీటరు చెప్పే నిరోధం ఆ వస్తువు ఖాళీగా కూర్చున్నప్పటిది, వోల్టేజినీ కరెంటునూ కొలిచి రాబట్టేది పని చేస్తున్నప్పటిది. నీ దగ్గరున్న మోటారు సంగతి ఇంకా వేరు. ఏకాంతర కరెంటు (ఏసీ) మీద నడిచే దానికి వోల్టేజిని కరెంటుతో గుణించినంత మాత్రాన వాట్లు రావు, ఎందుకంటే అవి రెండూ ఒకే సమయంలో శిఖరానికి చేరవు, ఇక తిరుగుతున్న మోటారు లోపల పుట్టే ఎదురు వోల్టేజి... లేదు, అది మొదలుపెడితే ఈ ఉత్తరం ఈ రోజు టపాలో పడదు.

నువ్వూ ఒక బల్బుతో 3 వోల్టుల దగ్గర, 9 వోల్టుల దగ్గర కొలిచి నాకు రాయి. కరెంటు కొలవడం అయిన వెంటనే ఎర్ర తీగను ఆంపియర్ల రంధ్రం నుంచి తీసి వోల్టుల రంధ్రంలోకి మార్చు. అలాగే వదిలేసి వోల్టేజి కొలవబోతే మీటరు సరఫరాను అడ్డదారిలో కలిపేస్తుంది (షార్ట్ సర్క్యూట్), ఫ్యూజు కాలిపోతుంది. టపా కట్టే వేళయింది, ఉంటాను.

నీ
శ్రీను