గంట తేడా మీ యాప్‌లో, తిప్పలు మాకా?

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

మార్చి నుంచి మీ కంపెనీకి రాస్తూనే ఉన్నాను. నేను రాసింది మీవాళ్లలో ఒక్కరైనా చివరిదాకా చదివారన్న నమ్మకం ఇంతవరకు కలగలేదు, అందుకే ఈసారి నేరుగా మీకే రాస్తున్నాను.

మాది చిన్న ఎగుమతి వ్యాపారం. బయ్యరు న్యూయార్క్‌లో, షిప్పింగ్ ఏజెంటు లండన్‌లో. బ్యాంకు కటాఫ్‌లు (ఆ రోజుకి కాగితాలు తీసుకునే ఆఖరి సమయాలు), డాక్యుమెంట్ల గడువులు, వారం వారం కాల్స్, అన్నీ మీ షెడ్యూలింగ్ యాప్ ఇచ్చే అలర్టుల మీదే నడుస్తాయి. మేమున్న చోట ఎండాకాలం కోసం గడియారాలు గంట ముందుకి మార్చరు. వాళ్లు మారుస్తారు, అదీ ఇద్దరూ ఒకే రోజున కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరిపేస్తారు, బ్రిటన్, యూరప్ మార్చి చివరి ఆదివారం దాకా ఆగుతాయి. ఆ మధ్య రెండు మూడు వారాలు న్యూయార్క్‌కీ లండన్‌కీ తేడా నాలుగు గంటలే. మీ యాప్ మాత్రం ఐదు గంటలనే లెక్క వేసి, న్యూయార్క్ సమయాన్ని గంట వెనక చూపింది. దాంతో న్యూయార్క్ బ్యాంకు సాయంత్రం 5 గంటల కటాఫ్ మాకు గంట ముందే వచ్చేసింది, మీ అలర్టు అది దాటిపోయాక మోగింది. అది శుక్రవారం. కాగితాలు సోమవారం దాకా బ్యాంకులో కదల్లేదు, డబ్బు ఖాయమైతేగాని కంటైనర్ ఎక్కించనన్న ఏజెంటు దాన్ని తర్వాతి షిప్పుకి తోసేశాడు, బయ్యరు చేత మేం మాటలు పడ్డాం.

పోనీ, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. నాకు మండింది ఆ తర్వాత మీవాళ్లు నడిపిన తంతుకి.

చాట్‌లో మొదట దొరికినాయన నా కంప్యూటర్ గడియారం సరిచూసుకోమన్నాడు. సరిగ్గానే ఉందని స్క్రీన్ ఫొటో పంపితే యాప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నాడు. ఇంకొకావిడ సెట్టింగ్స్‌లో మా దేశానికి డేలైట్ సేవింగ్, అంటే ఈ గడియారాల మార్పు, ఆన్ చేయమంది. మా దేశంలో అది లేదమ్మా, న్యూయార్క్‌లో ఉంది అని చెబితే, కాసేపాగి అదే సూచన మళ్లీ అంటించింది. మనిషి మారినప్పుడల్లా కథ మొదటినుంచి చెప్పాలి, నా ఫిర్యాదు నమోదైన టికెట్‌లో అంతా రాసి ఉన్నా సరే. చివరికి మీ సీనియర్ ఒకరు రాత్రి 8 గంటలకు ఫోన్ చేస్తారని, అది మా సమయమేనని, మెయిల్ వచ్చింది. ఆ కాల్ 7 గంటలకే వచ్చి మిస్డ్ కాల్ అయింది! ఆ వెంటనే మెయిల్: "మిమ్మల్ని సంప్రదించడానికి ప్రయత్నించాం, మీరు అందుబాటులో లేరు." నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబుతున్న ఆ గంట తప్పే మీ ఆఫీసులోనూ జరిగింది, నేరం మాత్రం నా మీద పడింది. ఈ మాట రాసి పంపితే జవాబే లేదు.

మార్చి చివరి ఆదివారం యూరప్ గడియారాలు మారాయి, తేడా మళ్లీ ఐదు గంటలైంది, మీ యాప్ లెక్క దానంతటదే కుదిరింది. మర్నాడే టికెట్ మూసేశారు, "సమస్య పరిష్కరించబడింది" అని. ఎవరు పరిష్కరించారండీ? క్యాలెండర్‌లో తేదీ మారింది, అంతే.

మీవాళ్లలో ఒకరు ఇవి ప్రభుత్వాల నిర్ణయాలు, మా చేతిలో లేవు అన్నారు. 2023లో లెబనాన్ గడియారాల మార్పును కొద్దిరోజుల ముందు వాయిదా వేసి, జనం గగ్గోలు పెడితే మళ్లీ వెనక్కి తీసుకుంది. ఆ వారం మీ లెక్క తప్పినా నేను నోరెత్తేవాణ్ని కాదు. కానీ అమెరికా తేదీల నియమం 2007 నుంచి అదే. యూరప్‌లో ఈ మార్పులు ఎత్తేయాలని 2019లో యూరోపియన్ పార్లమెంటు ఓటు వేసినా ఇంకా అమలు కాలేదు, పాత తేదీలే నడుస్తున్నాయి. ప్రపంచంలోని టైమ్ జోన్ల నియమాలన్నీ ఉన్న డేటాబేస్ ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. డబ్బు తీసుకునే మీరు అది వాడలేరా?

మీ కంపెనీ పేరు ఎవరికీ తెలియని రోజుల నుంచి మేం చందా కడుతున్నాం. మీరు రేటు పెంచినప్పుడు కూడా మారలేదు, పైగా తోటి వ్యాపారులకు మేమే చెప్పి చేర్పించాం. ఇప్పుడు వాళ్లకి ఏం చెప్పమంటారు?

అక్టోబర్ చివరి ఆదివారం యూరప్ వెనక్కి జరుగుతుంది, అమెరికా నవంబర్ మొదటి ఆదివారం దాకా జరగదు. ఆ వారమంతా కటాఫ్ అలర్టు మళ్లీ గంట ఆలస్యంగానే మోగుతుంది, చూస్తూ ఉండండి. అందుకే అంతకుముందే ఇది సరిచేసి, చేశామని బాధ్యతగల మనిషి పేరుతో రాతపూర్వకంగా పంపండి. కంటైనర్ వాయిదా వల్ల మాకు పడిన ఖర్చు సంగతి కూడా తేల్చండి, బిల్లులు టికెట్‌లోనే ఉన్నాయి. లేదంటే మిగిలిన చందా వెనక్కి ఇప్పించుకుని వేరే యాప్‌కి వెళ్లిపోతాం, మేం చేర్పించిన వాళ్లందరికీ ఈ ఉత్తరం పంపుతాం, వినియోగదారుల ఫోరానికీ వెళ్తాం. దీనికి కూడా కొత్త టికెట్ నంబరు పంపి ఊరుకుంటే, అదే మీ జవాబు అనుకుంటాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్