గోరినోవ్‌ను మరవకండి

మిత్రులారా, రష్యా చిత్రకారిణి సాషా స్కోచిలెంకోకు ఎందుకు శిక్ష పడిందని నిన్న అడిగారు కదా. 2022లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ఒక సూపర్‌మార్కెట్‌లో ధరల చీటీలు తీసి, ఉక్రెయిన్‌పై యుద్ధాన్ని వ్యతిరేకించే చిన్న కాగితాలు పెట్టారు. అయిదంటే అయిదే కాగితాలు! ఏడేళ్ల శిక్ష వేశారు. 2024 ఆగస్టులో రష్యాకూ పాశ్చాత్య దేశాలకూ మధ్య జరిగిన ఖైదీల మార్పిడిలో బయటపడ్డారు.

నా మనసంతా అలెక్సీ గోరినోవ్ దగ్గరే ఉంది. మాస్కోలో స్థానిక కౌన్సిలర్‌గా ఉండేవారు. ప్రభుత్వం ‘ప్రత్యేక సైనిక చర్య’ అనే దాన్ని కౌన్సిల్ సమావేశంలో యుద్ధమన్నందుకు ఏడేళ్ల జైలు. కోర్టులో అద్దాల బోను వెనక నిలబడి, ‘ఈ యుద్ధం మీకింకా కావాలా?’ అని రాసిన కాగితం ఎత్తి చూపారు. ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేసిన మనిషి ఆయన. మార్పిడి జాబితాలో పేరు లేదు. అదే ఏడాది నవంబరులో మరో మూడేళ్ల శిక్ష వేశారు.

ఆయనకు ఉత్తరాలు రాద్దాం. జైలు సెన్సారు చదువుతుంది కాబట్టి రష్యన్‌లోనే ఉండాలి. అనువదించగలవారు ఆదివారంలోగా చెప్పండి.