తెల్లదోమకు పేరు పెట్టే ముందు: వ్యవసాయ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి విరమణ పొందాక, దేవరకొండ దగ్గర నాలుగెకరాల పత్తి చేను చూసుకుంటున్నాను. కిందటి వానాకాలం ఆకుల అడుగున తెల్లదోమ కమ్ముకుంటే, కొన్నిటిని స్పిరిట్ సీసాలో వేసి ఒక ప్రయోగశాలకు పంపాను. మూడు వారాలకు వచ్చిన కాగితంలో ఉన్నది ఒకటే వాక్యం: మైటోకాండ్రియా జన్యువు ప్రకారం ఇది ఫలానా రకం. మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని తయారుచేసే చిన్న భాగం, దానికి సొంత డీఎన్ఏ ఉంటుంది. ఈ లేఖ ఆ ఒక్క వాక్యం గురించే.

కంటికి తెల్లదోమలన్నీ ఒకటే. బెమీసియా టబాకి అనే ఒక్క పేరు కింద చాలా జాతులు దాగి ఉన్నాయని శాస్త్రవేత్తల లెక్క. వాటిని విడదీయడానికి మైటోకాండ్రియా డీఎన్ఏలో ఒక చిన్న ముక్కను చదువుతారు, తేడా 3.5 శాతం దాటితే వేరే జాతి అంటారు. పద్ధతి చవక, త్వరగా అవుతుంది. చిక్కు ఏమిటంటే, ఆ డీఎన్ఏ ఒంటరిగా ప్రయాణించదు.

మన ఇళ్లలో ఆడపిల్లకు పుట్టింటివారు ఒడిబియ్యం పోస్తారు కదా. అలాగే పురుగుల్లో తల్లి గుడ్డు ద్వారా పిల్లలకు ఇచ్చే మూటలో మైటోకాండ్రియాతో పాటు కొన్ని బ్యాక్టీరియాలు కూడా ఉంటాయి. కొడుకులకూ ఆ మూట అందుతుంది గానీ, వాళ్లు దాన్ని ముందుకు పంపలేరు. అందుకే ఈ బ్యాక్టీరియాలు ఆడవాటి పక్షం వహిస్తాయి. 1924లో మనల్ని కుట్టే క్యూలెక్స్ దోమలో మొదట కనిపించిన వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎత్తుగడ చూడండి. అది ఉన్న మగపురుగు, లేని ఆడదానితో కలిస్తే గుడ్లు చాలావరకు చచ్చిపోతాయి. అది ఉన్న ఆడదానికి మాత్రం ఏ మగదానితో కలిసినా నష్టం లేదు. తరాలు గడిచేకొద్దీ బ్యాక్టీరియా ఉన్న తల్లుల సంతానమే మిగులుతుంది. అదే మూటలో ఉన్న మైటోకాండ్రియా, తన గొప్ప ఏమీ లేకుండానే, ఊరంతా పరుచుకుంటుంది!

ఇది ఊహ కాదు. కాలిఫోర్నియాలో ఒక పండ్ల ఈగలో వోల్బాకియా ఏటా సుమారు 100 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి పాకింది, తన వెంట ఒక రకం మైటోకాండ్రియాను మోసుకుపోయింది. ఈగ మారలేదు, మూట మారింది. అలాంటి చోట మైటోకాండ్రియాను మాత్రమే చదివితే ఒకే జాతి రెండుగా కనిపించవచ్చు. రెండు జాతుల మధ్య ఎప్పుడో ఒకసారి సంకరం జరిగి ఉంటే, ఆ రెండూ ఒకటిగానూ కనిపించవచ్చు.

రైతుకు ఇదంతా ఎందుకని మీ అధికారులు అడగవచ్చు. అమెరికాలోని ఆరిజోనాలో తెల్లదోమల్లో రికెట్సియా అనే బ్యాక్టీరియా 2000లో సుమారు ఒక శాతం, 2006 నాటికి 97 శాతం. అది ఉన్న ఆడదోమలు ఎక్కువ పిల్లలను, అందులోనూ ఎక్కువ ఆడపిల్లలను కన్నాయి. రికెట్సియా ఉన్న దోమలు వేడిని బాగా తట్టుకున్నాయని, కొన్ని పురుగుమందులకు మాత్రం తేలికగా లొంగాయని ప్రయోగాలు చూపాయి. హామిల్టొనెల్లా అనే మరొకటి ఆకుముడత వైరస్ వ్యాప్తికి తోడ్పడుతుంది. నల్గొండ ఎండలు మీకు తెలియనివి కావు. మా చేలో దోమ పేరు ఎంత ముఖ్యమో, దాని కడుపులో ఎవరు కాపురం ఉన్నారన్నదీ అంతే ముఖ్యం. నిజానికి ఇంకా ఎక్కువేనని నా అభిప్రాయం.

నేను కోరేది కొత్త భవనం కాదు. నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పత్తి చేల నమూనాలకు మైటోకాండ్రియాతో పాటు, ఆ మూటతో ముడిపడని కణ కేంద్రకం నుంచి కనీసం ఒక జన్యువును చదవాలి, బ్యాక్టీరియాలను కూడా పరీక్షించి నివేదికలో రాయాలి. ఒకసారి తీసిన డీఎన్ఏ ద్రావణమే వీటన్నిటికీ సరిపోతుంది, అదనంగా కావలసింది కొంత రసాయనాల ఖర్చు, ఒకటి రెండు రోజుల పని. నమూనాలను పారేయకుండా ఏ మండలం, ఏ తేదీ అని చీటీ రాసి దాచమని కూడా చెప్పండి. మూటలు మారుతూనే ఉంటాయి కాబట్టి ఐదేళ్ల తర్వాత పోల్చి చూడటానికి పాత దోమ కావాలి.

నా దగ్గర కిందటేడు సీసాలో సగం దోమలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఎవరిని పంపినా ఇస్తాను.

ఇట్లు,
దేవరకొండ ప్రాంత పత్తి రైతు