సోలార్ కారు మా బడికీ రావాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఇంజినీరింగ్ విద్యార్థులు తయారుచేసిన సోలార్ కారు ఫొటో మీ పత్రికలో అప్పుడప్పుడు వస్తుంటుంది. కారు చుట్టూ పిల్లలు, పక్కన ప్రిన్సిపాల్, మెడలో శాలువాతో ముఖ్య అతిథి. చూసినప్పుడల్లా సంతోషం వేస్తుంది. ఆ తర్వాత ఆ కారు ఏమైపోతుందన్న వార్త మాత్రం నేను ఎప్పుడూ చదవలేదు. రెండేళ్ల కిందట మా అబ్బాయి అడ్మిషన్ కోసం ఒక కాలేజీకి వెళ్లినప్పుడు అలాంటి బండినొకదాన్ని నా కళ్లతో చూశాను. షెడ్డులో ఒక మూల, సగం పట్టా కప్పి, టైర్లలో గాలి లేకుండా పడి ఉంది. పైనున్న సోలార్ ప్లేట్ల మీద పావురాల రెట్ట. పోటీ అయిపోయిందట, చేసిన బ్యాచ్ పాసై వెళ్లిపోయిందట. అది చూసి నాకు నిజంగా కడుపు తరుక్కుపోయింది. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను నంద్యాల జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. గని, శకునాల దగ్గరున్న సోలార్ పార్కు మా పిల్లలందరికీ తెలుసు. 1000 మెగావాట్లది, దాదాపు 6 వేల ఎకరాలు, 2017 నుంచి నడుస్తోంది. బంధువుల ఊళ్లకు పోయేటప్పుడు ఆ వరసలన్నీ బస్సు కిటికీలోంచి చెరువులా మెరుస్తూ కనబడతాయి. అయితే అదంతా కంచె అవతల. ఇంత పెద్ద పార్కు పక్కన పెరుగుతున్న పిల్లల్లో సోలార్ ప్లేటును చేత్తో తాకినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

పోయిన సంవత్సరం పదో తరగతిలో విద్యుత్తు పాఠం మొదలుపెట్టే ముందు, సోలార్ ప్లేటు కరెంటు ఎలా ఇస్తుందని అడిగాను. తరగతిలో ముప్పాతిక మంది ఒకటే జవాబు: "ఎండకు కాలుతుంది మేడం, ఆ వేడికే కరెంటు పుడుతుంది." తప్పు వాళ్లది కాదు. రాయలసీమ ఎండలో పుట్టి పెరిగినవాళ్లకు ఎండంటే ముందు వేడే గుర్తొస్తుంది. మర్నాడు కర్నూలు నుంచి 10 వాట్ల చిన్న ప్లేటు, ఒక బుల్లి ఫ్యాను తెప్పించి మైదానంలో పెట్టాం. మల్టీమీటరు ఒక పిల్లవాడి చేతికిచ్చాను. మొదట 21 ఓల్టులు చూపించింది. పావుగంటకు ప్లేటు చెయ్యి పెట్టలేనంతగా కాలింది, ముల్లు మాత్రం 19 దగ్గరికి దిగింది. మగ్గుతో నీళ్లు పోస్తే మళ్లీ పైకెక్కింది. "వేడికి తగ్గుతోంది మేడం!" అని వాడు అరిచిన అరుపుకు పక్క తరగతి పిల్లలు కూడా బయటికొచ్చారు. కరెంటు ఇచ్చేది వెలుగే గాని వేడి కాదని అంతకుముందు నేను బోర్డు మీద మూడుసార్లు రాశాను. అది ఎవరికీ ఎక్కలేదు.

అంతలో ఒక అమ్మాయి ప్లేటు మూల ఒక్క గడిని అరచేత్తో మూసింది. ఫ్యాను ఆగిపోయింది. ముప్పై ఆరు గడుల్లో ఒక్కటి మూస్తే మిగతావన్నీ ఎందుకు ఆగాలని అడిగింది. గడులన్నీ గొలుసులా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి, ఒకచోట అడ్డుపడితే మొత్తం ఆగుతుంది. ఈ శ్రేణి సంధానం అంటే ఏమిటో ఆ రోజు ఎవరికీ నేను బట్టీ పట్టించాల్సిన పని పడలేదు.

10 వాట్ల ప్లేటుకే ఇంత జరిగితే, అదే వెలుగుతో ఒక మనిషిని ఎక్కించుకుని కదిలే కారు మా మైదానంలోకి వస్తే ఎలా ఉంటుంది! ఆస్ట్రేలియాలో 1987 నుంచి సోలార్ కార్ల పోటీ జరుగుతోంది. డార్విన్ నుంచి అడిలైడ్ దాకా 3 వేల కిలోమీటర్లు. 2023లో ఆ పోటీకి వెళ్లిన కార్లలో ప్రధాన విభాగానికి పెట్టిన నిబంధన ప్రకారం సిలికాన్ ప్లేట్ల వైశాల్యం 4 చదరపు మీటర్లు దాటకూడదు. అంటే మన ఇంట్లో రెండు నవారు మంచాలంత చోటు. నడినెత్తిన ఎండ కాసినా దాని నుంచి వచ్చేది ఇంచుమించు వెయ్యి వాట్లే, ఇంట్లో ఇస్త్రీ పెట్టె లాగేంత. ఆ కాస్తతోనే గెలిచిన బెల్జియం జట్టు సగటున గంటకు 88 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. ఐఐటీ మద్రాసు విద్యార్థుల అగ్నిరథ్ జట్టు కూడా ఆ ఏడాది బరిలో ఉంది. ఇస్త్రీ పెట్టెకయ్యే కరెంటు కారునెలా లాగుతుందని ఒక్క పిల్లకు అనుమానం వచ్చినా చాలు. బరువు, గాలి నిరోధం, టైరు ఘర్షణ, ఇవన్నీ ఆమే తవ్వుకుంటూ పోతుంది.

వేరే దేశాల్లో విశ్వవిద్యాలయాల జట్లు పోటీలతోనే ఆగిపోలేదు. కెనడాలో క్వీన్స్ విశ్వవిద్యాలయం వాళ్ల కారు 2000 జూలైలో హాలిఫాక్స్ నుంచి వాంకూవర్ దాకా 29 రోజుల్లో 7 వేల కిలోమీటర్లు నడిచింది. నాలుగేళ్ల తర్వాత వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ల మిడ్‌నైట్ సన్ కారు కెనడా, అమెరికాలు చుట్టి 40 రోజుల్లో 15,070 కిలోమీటర్లు తిరిగింది. అది పందెం కాదు. సౌరశక్తి ఇలా పనిచేస్తుందని జనానికి చూపిస్తూ చేసిన యాత్ర. ఏడాదిలో ఎన్నో నెలలు మంచు కురిసే దేశం వాళ్లు ఆ పని చేశారు. మనకు ఎండకు కరువా?

మన దేశంలోనూ ఉదాహరణ లేకపోలేదు. ఐఐటీ బొంబాయి ఆచార్యులు చేతన్ సింగ్ సోలంకీ 2020 నవంబరులో ఒక బస్సులో ఎనర్జీ స్వరాజ్ యాత్ర మొదలుపెట్టారు. 2030 దాకా ఇంటికి వెళ్లనని పూనుకుని, ఆ బస్సులోనే ఉంటూ ఊరూరా తిరుగుతున్నారు. బస్సులో దీపాలు, ఫ్యాన్లు, వంట అన్నీ సోలార్‌తోనే. ఒక్క మనిషి అంత కష్టపడుతుంటే, ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీలున్న మన రెండు రాష్ట్రాల్లో తలా పది బడులకు వెళ్లడం భారమా?

నా విజ్ఞప్తి విశ్వవిద్యాలయాలకూ, ఉన్నత విద్యామండళ్లకూ. మన దగ్గర విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. దానికోసం మా బడికి వచ్చే కాలేజీ పిల్లలు చాలావరకు ఒక సర్వే ఫారం నింపి, హెడ్మాస్టరు సంతకం పెట్టించుకుని వెళ్లిపోతున్నారు. ఆ గంటలనే సోలార్ బండితో బడుల యాత్రకు లెక్కగట్టండి. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా గడపాలంది. ఆ రోజుల్లో ఒకటి దీనికి ఇవ్వడానికి మా టీచర్లెవరూ కాదనరు. రిజిస్ట్రేషన్ లేని బండి రోడ్డెక్కకూడదు, నిజమే. లారీ మీద తెచ్చి మైదానంలో నడిపితే సరిపోతుంది. లారీ అద్దెను ఈ జిల్లాలో సౌరవిద్యుత్తు పండించుకుంటున్న సంస్థలు సామాజిక బాధ్యత నిధుల నుంచి భరించాలని కూడా నా కోరిక.

వచ్చేటప్పుడు ముఖ్య అతిథిని తీసుకురాకండి. బండిని చేతులారా చేసిన పిల్లలు రండి. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చినవాళ్లే కదా మీరు, తెలుగులోనే చెప్పండి. ఎక్కడ వెల్డింగ్ ఊడింది, ఏ వైరు కాలింది, మొదటిసారి ఎందుకు కదల్లేదు, అవన్నీ దాచకుండా చెప్పండి, మా పిల్లలకు కావలసింది అదే. ఒక అరపూట ఉండండి, మధ్యాహ్నం మా పిల్లల పక్కన కూర్చుని భోంచేయండి. సీట్లో ముందుగా ఒక ఆడపిల్లను కూర్చోబెట్టండి. ఆ రోజు ప్లేటు మీద చెయ్యి పెట్టిన అమ్మాయి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది. వాళ్ల ఇంట్లో అంతకుముందు సైన్సు చదివినవాళ్లు లేరు.

మా బడి గేటు పన్నెండు అడుగుల వెడల్పు, లారీ తేలిగ్గా వస్తుంది. మైదానం చదునుగానే ఉంటుంది, వానాకాలంలో మాత్రం బురద. డిసెంబరు, జనవరి నెలలైతే ఎండ బాగా కాస్తుంది, పదో తరగతి పరీక్షలకు ఇంకా వ్యవధి ఉంటుంది. వారం ముందు ఒక ఫోను చేస్తే పక్క ఊళ్ల రెండు బడుల పిల్లలను కూడా పిలుస్తాం.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయురాలు,
నంద్యాల జిల్లా