గండికోటకు లైట్లు పెట్టండి, చీకటిని మాత్రం ఉంచండి

సంపాదకులకు నమస్కారం.

గండికోట అభివృద్ధి అనగానే అందరూ రోడ్లు, గదులు, లైట్ల గురించే మాట్లాడతారు. అక్కడి రాత్రి గురించి ఒక్కరూ అడగరు. పెన్నా లోయను పగలు చూసి వెళ్లిపోయేవాళ్లే కాదు, టెంట్లు వేసుకుని చుక్కలు చూసేందుకు బెంగళూరు నుంచి వచ్చేవాళ్లూ ఉన్నారు, మరి కోట చుట్టూ తెల్లటి ఫ్లడ్ లైట్లు ఆకాశం వైపు తిప్పి పెడితే వాళ్లెందుకు రావాలి?

ఆ చీకట్లో ఏముందో తెలియాలంటే ఎం77 గెలాక్సీ సంగతి చూడండి. తిమింగలం రాశిలో, సుమారు నాలుగున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1780లో ఖగోళ శాస్త్రవేత్త పియెర్ మెషెన్ దీన్ని కనుక్కున్నాడు. ఇలాంటి కొన్ని గెలాక్సీల నడిబొడ్డు విపరీతంగా వెలుగుతోందని, అక్కడి వాయువు సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో కదులుతోందని 1943లో కార్ల్ సీఫర్ట్ అనే మరో ఖగోళ శాస్త్రవేత్త చూపించాడు. కారణం మధ్యలో ఉన్న బ్లాక్ హోల్. కోటిమంది సూర్యుల కంటే బరువైన దాని చుట్టూ తిరుగుతూ లోపలికి పడే వాయువు కాగిపోయి అంత వెలుగిస్తుంది. ఎం77లో ఆ చోటును దట్టమైన దుమ్ము కప్పేసింది కాబట్టి నేరుగా చూడలేం, కానీ అక్కడి నుంచి వచ్చే న్యూట్రినోలు అనే అతి చిన్న కణాలకు దుమ్ము అడ్డం కాదు. దక్షిణ ధ్రువం దగ్గర మంచులో పాతిన ఐస్‌క్యూబ్ పరికరం దాదాపు పదేళ్లలో ఈ గెలాక్సీ వైపు నుంచి వచ్చిన సుమారు 79 న్యూట్రినోలను గుర్తించిందని 2022లో ప్రకటించారు. అది చదివి నాకు ఒళ్లు జలదరించింది.

అంత గొప్ప గెలాక్సీ డిసెంబర్ మధ్యలో రాత్రి తొమ్మిది ప్రాంతంలో మనకు దాదాపు నడినెత్తిన, కాస్త దక్షిణంగా ఉంటుంది! చీకటి ఉంటే చిన్న టెలిస్కోప్‌కే దొరుకుతుంది, మధ్యలో మెరిసే చుక్క, చుట్టూ పల్చటి మసక. లైట్లు పెరిగితే ముందు పోయేది ఆ మసకే, అదే గెలాక్సీ ఒళ్లంతా. ఎంత ఖరీదైన టెలిస్కోప్ కొన్నా వెలిసిపోయిన ఆకాశం నల్లబడదు కదా.

లైట్లే వద్దని నేననడం లేదు, ఆడవాళ్లు, పిల్లలు తిరిగేచోట వెలుతురు కావాల్సిందే. దీపాలకు పైన మూత వేసి వెలుగు నేల మీదే పడేలా చూడండి, తెలుపు బదులు పసుపు రంగు వాడండి, రాత్రి పది దాటాక అలంకారం లైట్లు ఆపేయండి. లడఖ్‌లోని హాన్లేను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, అక్కడి ఊళ్లవాళ్లే టెలిస్కోపులతో టూరిస్టులకు చుక్కలు చూపించి సంపాదించుకుంటున్నారు. మన కుర్రాళ్లకు ఆ పని చేతకాదా?

అధికారులు ఈ చలికాలంలోనే ఒక అమావాస్య రాత్రి జమ్మలమడుగు, మైలవరం హైస్కూలు పిల్లల్ని కోటకు తీసుకెళ్లి చూపించాలి. మీరు కూడా జిల్లా పేజీలో నెలకోసారి ఏ రాత్రి ఏం కనిపిస్తుందో నాలుగు లైన్లు వేయండి. రాసి పంపే పని నేను చేస్తాను.

– ఒక పాఠకుడు, జమ్మలమడుగు, కడప జిల్లా