ఆరున్నర అంటే ఎంత శాతం?

సంపాదకుడు గారికి,

పదో తరగతిలో గ్రేడ్లు పోయి మళ్లీ మార్కులు వచ్చినందుకు మురిసిపోతూ మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. అప్పుడే రాయాల్సింది. మా అమ్మాయి ధ్రువపత్రం కోసం ఆమె చదివిన విశ్వవిద్యాలయం చుట్టూ తిరగడంతోనే ఈ వారం గడిచిపోయింది. ఆమె సీజీపీఏ, అంటే అన్ని సెమిస్టర్ల గ్రేడు పాయింట్ల సగటు, పదికి 6.5. అది ఎంత శాతమో చెప్పే ఒక్క వాక్యం కాగితానికి చలానా, దరఖాస్తు, మూడు జిరాక్సులు, రెండు కిటికీలు.

30 ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పాను. ఈ లెక్క మాత్రం నాకు అంతుపట్టలేదు. కేంద్ర బోర్డు సీబీఎస్‌ఈ పదో తరగతికి సీజీపీఏ ఇచ్చిన రోజుల్లో 9.5తో గుణించమంది. అలా చూస్తే 6.5కు 61.75 శాతం. హైదరాబాద్ జేఎన్‌టీయూ అర తీసేసి పదితో గుణించమంటుంది, సరిగ్గా 60. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ పట్టికలో 6.75 ఉంటేనే 60, కాబట్టి మనకు దక్కేది 57.5. ఉద్యోగ ప్రకటనలో ఉండేది 'కనీసం 60 శాతం'. అదే ఆరున్నర ఒక సూత్రంతో గట్టెక్కుతుంది, ఇంకో సూత్రంతో మునుగుతుంది. 2015లో విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ పది పాయింట్ల కొలమానం ఇచ్చింది కదా అంటారు. ఇచ్చింది, అత్యుత్తమ గ్రేడు 'ఓ'కు పది, పాస్ గ్రేడు 'పి'కి నాలుగు అని. ఆ గ్రేడు ఎన్ని మార్కులకు ఇవ్వాలో, ఎంత శాతానికి సమానమో ఎవరికి వారే తేల్చుకుంటున్నారు. దేశమంతటా ఒకే రేషన్ కార్డు చెల్లుతోంది గానీ, ఒక గుణకారం చెల్లడం లేదు!

ఇక పదో తరగతి సంగతి. ర్యాంకుల పిచ్చి తగ్గించాలని 2012లో ఉమ్మడి రాష్ట్రంలో గ్రేడ్లు తెచ్చారు. పిచ్చి తగ్గలేదు, ర్యాంకుల ఫ్లెక్సీల స్థానంలో 10/10 ఫ్లెక్సీలు వెలిశాయి. 91 వచ్చినా వంద వచ్చినా పది పాయింట్లే, 90 వచ్చినవాడికి తొమ్మిది. ఆ ఒక్క మార్కు దగ్గర ఏడ్చిన పిల్లలను నేను ఓదార్చాను. తీసేసేటప్పుడైనా కుదురుగా తీశారా? 2024 నవంబరులో, విద్యా సంవత్సరం సగం గడిచాక, తెలంగాణలో గ్రేడింగుతో పాటు బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులూ రద్దన్నారు. ఆ వెంటనే, ఇంటర్నల్స్ ఆ ఏడాదికి ఉంటాయని సవరించారు. తరగతి గదిలో నిలబడి పిల్లలకు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం ఉత్తర్వు రాసినవారు కాదు.

పదిలో మార్కులు వచ్చాయని పండగ చేసుకునే వారిని ఒక్కటే అడుగుతున్నాను. డిగ్రీ, ఇంజినీరింగు పట్టాలతో బయటికొచ్చే పిల్లల సీజీపీఏకు, మార్కుల జాబితా వెనకే ఆ సూత్రం అచ్చువేయడానికి అడ్డేమిటి? సిరా ఖర్చా?

మేం చలానా కట్టి తొమ్మిది రోజులైంది. ఉద్యోగ దరఖాస్తుకు ఆఖరు తేదీ శుక్రవారం. సంతకం చేయాల్సిన అధికారి సెలవులో ఉన్నారట.

– ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, ఖమ్మం